"వస్తా" అంటే ఏ "వస్తా" అమ్మా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏడేళ్ల పాప, రెండేళ్ల బాబు, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. ఇప్పుడు మీకు రీజనల్ హెడ్ పోస్టు ఇస్తామంటున్నారు, నెలకి పది పన్నెండు రోజులు ప్రయాణాలు తప్పవంటున్నారు. "ముప్పై ఏళ్లు పెద్ద ఉద్యోగాలు చేస్తూ పిల్లల్ని పెంచినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారు? ఒప్పుకోమంటారా, వద్దంటారా? మీ పిల్లలు మిమ్మల్ని ఎప్పుడైనా తప్పుపట్టారా?" అని అడిగారు.

నేను ఫైనాన్స్‌లో 31 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి 13 ఏళ్లు సీఎఫ్‌ఓగా, అంటే కంపెనీ ఆర్థిక వ్యవహారాలన్నిటికీ పెద్దగా. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇప్పుడు ఎవరి ఉద్యోగాల్లో వాళ్లున్నారు. నేను చెప్పేవాటిలో సగం నేను చేసిన తప్పులే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఇంటికి టైం ఇవ్వలేరని అందరూ అంటారు. నేనూ ఏళ్ల తరబడి అదే అన్నాను. తీరా లెక్క చూసుకుంటే, మా ఇంట్లో జరిగిన గొడవల్లో టైం తక్కువైనందుకు వచ్చినవి కొన్నే. మిగతావన్నీ వస్తానని చెప్పి రాకపోయినందుకు వచ్చాయి.

మా పాపకి అప్పుడు ఎనిమిదేళ్లు. స్కూల్లో ఏదో నాటకం, దానికి చెట్టు వేషం. పొద్దున్నే నేను మోకాళ్ల మీద కూర్చుని దాని షూ లేసు కడుతున్నాను. చెవిలో హెడ్‌సెట్ ఉంది, మ్యూట్‌లో పెట్టాను. "సాయంత్రం వస్తావా?" అంది. "వస్తా" అన్నాను. లేసు ముడి పూర్తయ్యేదాకా ఆగి, "మామూలు వస్తానా, నిజం వస్తానా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. అప్పుడు ఎక్కం ఒప్పజెప్పినంత తాపీగా వివరించింది: "నిజం వస్తా అంటే వస్తావు. మామూలు వస్తా అంటే ఆఫీసువాళ్లు వదిలితే వస్తావు." దాని గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. నా మాటల్ని రెండు రకాలుగా విడదీసుకుని ఎప్పటి నుంచో సర్దుకుపోతోందన్నమాట. ఆ సాయంత్రం నేను వెళ్లలేకపోయాను. నాకు కేటాయించిన ముందు వరస కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయమని పొద్దున్నే వాళ్ల టీచర్‌కి చెప్పేసిందని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి మా ఆయనా నేనూ ఒక నియమం పెట్టుకున్నాం. ఇంట్లో "చూస్తాను", "ట్రై చేస్తాను", "వీలైతే" అనే మాటలు బంద్. వస్తే వస్తా, లేకపోతే రాను. ఈ రెండే. మొదటి ఆర్నెల్లలో నేను "రాను" అన్న సార్లే ఎక్కువ. ఆశ్చర్యం ఏంటంటే, పిల్లలు దానికి పెద్దగా బాధపడలేదు. "రాను" అంటే కాసేపు మూతి ముడుచుకుని, ఆ తర్వాత వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లు. వాళ్లని కుంగదీసేది గేటు వైపు చూస్తూ కూర్చోవడం.

ఇక ఆఫీసు సంగతి. ఈ "మామూలు వస్తా" మన నోటికి ఎందుకు అలవాటవుతుందో అర్థం చేసుకోవాలంటే పెద్ద జీతం దేనికిస్తారో తెలియాలి. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ దీన్ని "అత్యాశ ఉద్యోగం" అన్నారు. వారానికి నలభై గంటలు చేసేవాడి కంటే అరవై గంటలు చేసేవాడికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి కదా. కొన్ని ఉద్యోగాల్లో అంతకంటే చాలా ఎక్కువ ఇస్తారు. అదనంగా వచ్చే డబ్బు ఆ ఇరవై గంటల పనికి మాత్రమే కాదు. రాత్రి పదకొండుకి ఫోన్ చేసినా, ఆదివారం పిలిచినా పలికినందుకు. అంటే కంపెనీ మీ దగ్గర కొనేది మీ "నిజం వస్తా"ని. అది అక్కడ అమ్మేశాక ఇంటికి మిగిలేది మామూలుదే.

ఆవిడ చేసిన పరిశోధనల్లోనే నాకు బాగా పనికొచ్చినది ఇంకొకటుంది. లారెన్స్ కాట్జ్ అనే ఇంకో ఆర్థికవేత్తతో కలిసి అమెరికాలో ఫార్మసిస్టుల ఉద్యోగాన్ని పరిశీలించారు. ఒకప్పుడు ఎవరి మందుల షాపు వాళ్లది, రోగి సంగతి ఆ ఒక్క మనిషికే తెలిసేది. తర్వాత ఒకే కంపెనీకి ఊరూరా కొట్లుండే పెద్ద చైన్ షాపులొచ్చాయి, రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి, ఒకరు చేసే పని ఇంకొకరు అందుకోగలిగారు. దాంతో ఆ వృత్తిలో తక్కువ గంటలు పనిచేసినా గంటకి వచ్చే జీతం పెద్దగా పడిపోలేదు, ఆడామగా తేడా కూడా బాగా తగ్గింది. ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. నేను అప్పటిదాకా చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఏ ఫైలు సంగతైనా నాకే తెలియాలి, ఏ బ్యాంకరైనా నాకే ఫోన్ చేయాలి, నేను లేకపోతే పని ఆగిపోవాలి. అదే నా విలువ అనుకున్నాను. నా పిలకని నేనే వాళ్ల చేతికిచ్చి, లాగుతున్నారని గొడవ పెట్టాను.

చట్టం కాపాడుతుందేమో అనుకుంటారేమో, ఆ ఆశ వదులుకోండి. ఎనిమిది గంటల పనిదినం మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందం 1919 నాటిది. అందులోనే పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ స్థానాల్లో ఉన్నవాళ్లకి ఇది వర్తించదని రాసేశారు. అమెరికాలో ఓవర్‌టైం చట్టం 1938లో వచ్చింది, ఎగ్జిక్యూటివ్‌లకి అక్కడా మినహాయింపే. యూరప్‌లో వారానికి సగటున 48 గంటల పరిమితి ఉంది. పని వేళలు తామే నిర్ణయించుకునే స్థాయిలో ఉన్నవాళ్లని అందులోంచి తప్పించడానికి ఆ చట్టమే వీలిస్తుంది. వాళ్ల తర్కం ఏంటంటే, మీ గంటలు మీ చేతుల్లోనే ఉంటాయి కాబట్టి మిమ్మల్ని ఎవరూ కాపాడక్కర్లేదని. వినడానికి వెటకారంలా ఉంటుంది. కానీ సీనియర్ పోస్టులో ఉన్నవాళ్లకి గంటలు తగ్గించుకునే హక్కు లేకపోయినా, ఏ వేళల్లో పనిచేస్తారో చెప్పుకునే పలుకుబడి కొంత ఉంటుంది. చాలామంది దాన్ని వాడుకోరు. నేను పదేళ్లు వాడుకోలేదు.

నేను ఏం చేశానో వివరంగా చెప్తాను, మీ రంగానికి తగ్గట్టు మార్చుకోండి.

ఫైనాన్స్‌లో మూడు నెలలకోసారి క్లోజింగ్ ఉంటుంది. త్రైమాసికం ముగిసిన మర్నాటి నుంచి ఐదు పనిదినాల్లో లెక్కల పుస్తకాలు ముగించాలి. ఆ తర్వాత అనుబంధ కంపెనీల లెక్కలన్నీ కలపాలి. ఒకరు ఇచ్చామన్నది ఇంకొకరు పుచ్చుకోలేదంటారు, ఆ తేడాలు పట్టుకోవాలి. ఆపైన ఆడిటర్ల ప్రశ్నలు, ఆడిట్ కమిటీ, బోర్డు, ఫలితాల ప్రకటన. ఒక్కో క్లోజింగ్‌కి మూడు వారాలు, ఏడాది చివర్లో అయితే ఐదు. మొత్తం కలిపితే 52 వారాల్లో 14 వారాలు నేను ఇంట్లో ఉన్నా లేనట్టే. మిగతా 38 వారాలు బిజీగా ఉంటాం కానీ మునిగిపోం. అయితే ఈ లెక్క నేను ఎప్పుడూ వేయలేదు. ఏడాదంతా క్లోజింగే అన్నట్టు బతికాను.

ఆ నాటకం తర్వాత గోడ క్యాలెండర్ ఒకటి తెచ్చి, ఆ 14 వారాల మీదా ఎర్ర గీతలు కొట్టి ఫ్రిజ్ పక్కన తగిలించాను. ఎర్ర వారాల్లో అమ్మ నుంచి ఏమీ ఆశించకండి, ఒంట్లో బాగోకపోతే తప్ప. మిగతా వారాల్లో మంగళవారం, గురువారం సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నేను మీదాన్ని. పిల్లలు ఆ క్యాలెండర్‌ని నా కంటే బాగా చదివేవాళ్లు. మా బాబుకైతే పుట్టినరోజు ఎర్ర వారంలో పడింది. దాన్ని గీత లేని వారానికి జరపమని వాడే ప్రతిపాదన పెట్టాడు, ఆరేళ్ల వాడు, బోర్డు మెంబర్‌లా.

ఆఫీసులో దీన్ని ఎలా చెప్పానన్నది ముఖ్యం. కారణం చెప్పలేదు. "పిల్లలతో గడపాలండీ" అంటే ఎదుటివాళ్లు సానుభూతి చూపిస్తారు, ఆ వెంటనే "ఈ ఒక్కసారికి" అంటారు. నేను వేళలు మాత్రమే చెప్పాను: "మంగళ, గురువారాల్లో ఆరున్నర నుంచి రెండు గంటలు ఫోన్‌లో దొరకను. ఎనిమిదిన్నరకి మళ్లీ లైన్‌లో ఉంటాను. ఈ మధ్యలో నిర్ణయం కావాలంటే ఫలానా వ్యక్తికి పూర్తి అధికారం ఉంది." మా సీఈఓ ఏమీ అనలేదు. కానీ మొదటి మూడు వారాల్లో నాలుగుసార్లు సరిగ్గా ఏడింటికే కాల్స్ పడ్డాయి. కావాలని కాదు, అలవాటు. నాలుగుసార్లూ నేను ఎత్తలేదు. గుండె దడదడలాడింది, ఆ మాట నిజం. అయిదోసారి నుంచి ఆ కాల్స్ తొమ్మిదింటికి మారాయి.

దీనికి మూల్యం చెల్లించలేదని అనుకోకండి. ఒక గురువారం సాయంత్రం, కంపెనీ అప్పులూ నగదూ చూసే మా ట్రెజరీ హెడ్ బ్యాంకుకి పంపాల్సిన సర్టిఫికెట్ పంపేశాడు. అప్పు ఎంత, లాభం ఎంత, నిష్పత్తి హద్దులో ఉందా లేదా అని మూడు నెలలకోసారి ఇచ్చే కాగితం అది. అందులో లీజు బకాయిలు కలపడం మర్చిపోయాడు. నేను చూసి ఉంటే పట్టుకునేదాన్నేమో. బ్యాంకువాళ్లే పట్టుకున్నారు. మర్నాడు సవరించిన కాగితం పంపి, వాళ్లకి క్షమాపణ చెప్పి, మా సీఈఓ ముందు అరగంట తలదించుకుని కూర్చున్నాను. "నువ్వు అందుబాటులో ఉంటే ఇలా జరిగేది కాదు" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు. ఆ వారం రద్దు చేసేద్దామనుకున్నాను ఆ రెండు గంటల్ని. మా ట్రెజరీ హెడ్డే వచ్చి, "మేడం, ఇకనుంచి పంపేముందు ఇంకొకరి చేత సరిచూయిస్తాను, మీరు మానకండి" అన్నాడు. ఆ పద్ధతి నేను వచ్చేశాక కూడా నడుస్తోందట. కింద వాళ్లని తయారుచేయడమంటే ఇలాంటి రోజులు భరించడమే. డెలిగేషన్ మీద క్లాసులు చెప్పేవాళ్లు ఈ భాగం ఎగ్గొడతారు.

ఇప్పుడు ఇంటి వైపు. మీ ప్రశ్నలో ఒక మాట నాకు గుచ్చుకుంది: "మా ఆవిడ చాలా సపోర్ట్ చేస్తుంది, నేనూ ఏదైనా చెప్తే చేస్తాను." మా ఆయన కూడా చాలా ఏళ్లు ఇదే అన్నారు. చెప్తే చేస్తానంటే, చెప్పే ఉద్యోగం ఎదుటి మనిషికి ఇచ్చేశారని అర్థం. టీకా ఎప్పుడు వేయించాలి, షూ సైజు మారిందా, ఫీజు గడువు ఎప్పుడు, రేపు ప్రాజెక్టుకి చార్టు ఉందా, ఇవన్నీ ఒక బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. చేతులు ఎన్నున్నా బుర్ర ఒకటే. అందుకే మేము పనులు పంచుకోవడం మానేసి శాఖలు పంచుకున్నాం. ఆరోగ్యం మొత్తం ఆయనది: డాక్టరు, మందులు, పళ్లు, కళ్లద్దాలు, టీకాల కార్డులో తేదీలు అన్నీ. చదువు మొత్తం నాది. ఒకరి శాఖలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. బాబు కళ్లద్దాలకి ఆయన ఎంచిన ఫ్రేమ్ ఘోరంగా ఉంది. నోరు మూసుకున్నాను. (రెండేళ్లు ఫొటోలన్నీ ఆ ఫ్రేమ్‌తోనే ఉన్నాయి.)

ఇంకో సంగతి. ఒకే ఇంట్లో, ఒకే సమయంలో రెండు అత్యాశ ఉద్యోగాలు నడవవు. నడిపినవాళ్లు లేరని కాదు, వాళ్ల ఇంట్లో పూర్తికాలం ఇంకెవరో ఉండి ఉంటారు, అమ్మమ్మో నాయనమ్మో జీతానికి పెట్టుకున్న మనిషో. మేము వంతులు వేసుకున్నాం. నేను మొదటిసారి సీఎఫ్‌ఓ అయినప్పుడు ఆయన ఐదేళ్లు ప్రయాణాలు లేని ఉద్యోగంలోకి మారారు. ఆ ఐదేళ్లలో మూడో ఏడు చాలా కష్టంగా గడిచింది. ఆయన బ్యాచ్‌వాళ్లు ఒక్కొక్కరే పైకి వెళ్తున్నారు, ఈయన ఏమీ అనరు, ఆ అనకపోవడమే ఇంట్లో బరువు. చివరికి కూర్చుని ఒక తేదీ రాసుకున్నాం: ఫలానా ఏడాది తర్వాత ముందు ఆయన అవకాశం, తర్వాతే నాది. ఆ ఏడాది నాకు ఇంకో దేశంలో ఇంతకంటే పెద్ద పోస్టు వచ్చింది. వద్దన్నాను. ఏడ్చాను కూడా. కానీ మాట మాటే. మీ ఆవిడ "సపోర్ట్ చేస్తుంది" అన్నారు కదా, ఎప్పటిదాకా చేస్తుందో, ఆ తర్వాత ఆవిడ వంతు ఎప్పుడో ఇద్దరూ కలిసి ఎక్కడైనా రాసుకున్నారా?

ఇంద్రా నూయి కథ మీరు వినే ఉంటారు. 2006 నుంచి 2018 దాకా పెప్సికో సీఈఓ. అంతకుముందు ఆ కంపెనీకి ప్రెసిడెంట్ అవబోతున్నారని తెలిసిన రాత్రి ఇంటికెళ్లి చెప్పబోతే, వాళ్లమ్మ ముందు పాలు తెమ్మన్నారట. వచ్చాక, కిరీటం గ్యారేజీలో వదిలి ఇంట్లోకి రమ్మన్నారట. ఈ కథని వినయానికి ఉదాహరణగా అందరూ పంచుకుంటారు. నాకైతే అందులో వేరే ముక్క వినపడుతుంది. భర్త అప్పటికే ఇంటికి వచ్చి ఉన్నాడు, ఆయన్ని ఎందుకు పంపలేదని అడిగితే, అలసిపోయాడు పాపం అన్నారట. రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసులో ఉన్న మనిషి అలసిపోలేదన్నమాట! కిరీటం గ్యారేజీలో వదలాల్సిందే, ఒప్పుకుంటాను. ఇంట్లో అందరూ వదలాలి.

మీరు మగవారై ఈ ప్రశ్న అడిగినందుకు నాకు సంతోషంగా ఉంది. 31 ఏళ్లలో నన్ను ప్రతి ఇంటర్వ్యూలో, ప్రతి ప్యానెల్ మీద "ఇంటినీ ఆఫీసునీ ఎలా మేనేజ్ చేస్తారు" అని అడిగారు. నా పక్కన కూర్చున్న ముగ్గురు పిల్లల తండ్రిని ఒక్కసారీ అడగలేదు. 2014లో మాక్స్ షైర్సన్ అనే ఆయన పిల్లల కోసం మాంగోడీబీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ సీఈఓ పదవి వదిలేస్తూ ఇదే రాశారు. మగ సీఈఓ కాబట్టి ఏ కారు నడుపుతావని అడిగారు గానీ, తండ్రిగా, సీఈఓగా రెండూ ఎలా చూసుకుంటావని ఎవరూ అడగలేదని. అదే ఏడాది పిమ్కో అనే పెద్ద పెట్టుబడుల సంస్థ అధిపతి మొహమ్మద్ ఎల్-ఎరియన్ కూడా తప్పుకున్నారు. పళ్లు తోముకోమంటే వినని కూతురిని ఆయన గట్టిగా అడిగితే, ఆ పిల్ల లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. ఆయన రాకుండా పోయిన సందర్భాల జాబితా, మొత్తం 22. స్కూల్లో మొదటి రోజు, మొదటి మ్యాచ్, ఇలా. ప్రతిదానికీ తన దగ్గర గట్టి కారణమే ఉందని ఆయన రాశారు. నన్ను కదిలించింది ఆ 22 అనే అంకె కాదు, ఆ పిల్ల అన్నీ లెక్కపెట్టుకుని ఉండటం. నాకైతే మా పాప జాబితా రాయలేదు, నా మాటకే రెండు పేర్లు పెట్టింది. 

ఇక్కడ మీకు ఎవరూ చెప్పని ఒక విషయం చెప్తాను. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే మన అవసరం ఎక్కువని, పెద్దయ్యాక తేలికవుతుందని అందరూ అనుకుంటారు. మా ఇంట్లో తిరగబడింది. రెండేళ్ల పిల్లాడికి అన్నం పెట్టడానికి, ఎత్తుకోవడానికి ప్రేమగా చూసే మనిషి ఇంకొకరున్నా సరిపోతుంది. పద్నాలుగేళ్ల పిల్లకి సరిపోదు. ఆ వయసులో వాళ్లు ఎప్పుడు నోరు విప్పుతారో వాళ్లకే తెలియదు. మా పాప ఏడాది పాటు నాతో రెండు ముక్కల కంటే ఎక్కువ మాట్లాడలేదు. ఒక రాత్రి పదకొండున్నరకి, నేను గ్లాసు కడుగుతుంటే, వెనక నిలబడి, "అమ్మా, నాకు స్కూల్లో ఫ్రెండ్స్ ఎవరూ లేరు" అంది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతుందని భయం. కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతూ గంటసేపు విన్నాను. ఆ గంటని క్యాలెండర్‌లో పెట్టలేం. ఆ గంట వచ్చినప్పుడు మనం అక్కడ ఉండాలి, అంతే. ఆ తర్వాత నెలలో నేను ప్రయాణాలు తక్కువున్న పోస్టు అడిగి తీసుకున్నాను. హోదా అదే, కానీ నిచ్చెన మీద పక్కకి జరిగినట్టు. రెండేళ్లు వెనకబడ్డాను. మీకు సెలవులు, ఒత్తిడి తక్కువున్న పోస్టులు, అడగగలిగే పలుకుబడి ఏవైనా పోగేసుకునే వీలుంటే, అన్నీ ఇప్పుడే ఖర్చుపెట్టకండి. పాపకి పన్నెండు దాటాక కావాలి.

సరిగ్గా అప్పుడే అమ్మానాన్నలు మంచం పడతారు. మన కెరీర్ శిఖరం మీద ఉంటుంది, పిల్లలు ఎదిగే వయసులో ఉంటారు, ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుంది. దీనికి నా దగ్గర ఉపాయం లేదు. తోబుట్టువులతో సత్సంబంధాలు కాపాడుకోండి, అంతవరకే చెప్పగలను.

ఒంటి సంగతి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువట. నాకు 49 ఏళ్లకి బీపీ వచ్చింది. ఆరోగ్య శాఖ మా ఆయనది కాబట్టి నా మందుల డబ్బా కూడా ఆయన చేతిలోకే వెళ్లింది.

డబ్బు గురించి ఒక్క ముక్క. జీతం పెరిగిన ప్రతిసారీ ఖర్చుని దానితో పాటు పైకెక్కించకండి. పెద్ద ఇంటి వాయిదా, పెద్ద కారు వాయిదా నెత్తిన ఉన్నవాడు "ఆ మంగళవారం కుదరదండీ" అనలేడు. నేను అనగలిగాను అంటే ధైర్యం ఎక్కువై కాదు, మా ఇంటి ఖర్చు ఎప్పుడూ నా పాత జీతానికి సరిపోయేలా ఉండేది కాబట్టి.

సరే, మీ పోస్టు సంగతి. నా ఉద్దేశం, ఒప్పుకోండి, కానీ ఈ వారమే కాదు. మీ మాటకి అత్యంత విలువ ఉండేది వాళ్లు పోస్టు ఇస్తామన్న రోజుకీ మీరు సంతకం పెట్టే రోజుకీ మధ్య. సంతకం అయ్యాక అడిగితే అది ఫిర్యాదు, ముందు అడిగితే షరతు. నెలకి పది పన్నెండు రోజులన్నారు. పది అని ఖాయం చేయించుకోండి, అందులో ఎక్కువ భాగం నెలలో ఏ వారాలో మీరే నిర్ణయించేలా మాట్లాడుకోండి. చెల్లాచెదురుగా పదిసార్లు వెళ్లే పది రోజులు వేరు, రెండు విడతల్లో వెళ్లే పది రోజులు వేరు. రెండో రకాన్ని రెండేళ్ల బాబు కూడా నేర్చుకోగలడు: నాన్న ఊరెళ్లే వారం, నాన్న ఉండే వారం. మీ కింద రెండో మనిషి ఉన్నాడా, లేకపోతే ఎప్పుడు ఇస్తారో అడగండి. ఏడాదిన్నర తర్వాత ఈ ఏర్పాటుని మళ్లీ కూర్చుని చూద్దామని మెయిల్‌లో రాయించుకోండి. వీటిలో ఒక్కదానికీ వాళ్లు ఒప్పుకోకపోతే, ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో వాళ్లే ముందుగా చెప్పేశారని తీసుకోండి. ఇక మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు "నీకు ఓకేనా" అని అడగకండి. దానికి ఎవరైనా ఓకే అంటారు. మీరు లేని ఆ పది రోజుల్లో ఒక మంగళవారం పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎవరు ఏం చేస్తారో ఇద్దరూ కాగితం మీద రాయండి. రాస్తుంటే తెలిసిపోతుంది.

చివరి ప్రశ్న, పిల్లలు తప్పుపట్టారా అని. పాప పట్టలేదు. తను ఆ ఎర్ర గీతల క్యాలెండర్‌నే ఇప్పుడు తన ఇంట్లో పెట్టుకుంది. బాబు పట్టాడు, వాడికి 22 ఏళ్లప్పుడు. ఏదో మాటల్లో, ఎక్కువ బాధపెట్టింది నేను ఊళ్లు తిరిగిన రోజులేమో అనుకుని అడిగాను. "కాదమ్మా, నువ్వు లేని రోజులు నాకేం గుర్తులేవు. నువ్వు ఇంట్లో ఉన్న రోజులే కోపం వచ్చేది. భోజనం దగ్గర బల్ల కింద ఫోన్ చూసుకునేదానివి. మాకు కనపడట్లేదనుకునేదానివి" అన్నాడు. నిజంగానే కనపడట్లేదనుకున్నాను, పదేళ్లు.

నేను రిటైరై రెండేళ్లు దాటింది, నాకిప్పుడు ఫోన్ చేసేది ఎవరని. అయినా వాడు ఇంటికొస్తే, కుర్చీ లాక్కునే ముందు బల్ల మీద నా ఫోన్ ఎటు ఉందో ఒకసారి చూసి, అప్పుడు కూర్చుంటాడు.